తొలి యేటి మెట్లు

పఠన భాగములు: హోషేయ 11:1-4, 1 సమూయేలు 2:18-21, మార్కు 7:31-37.

ముఖ్యాంశము: బిడ్డ వేయు ప్రతి మెట్టును పరలోకపు తండ్రి చూచుచున్నాడు. ఒక మెట్టు తడసినప్పుడు ఆయన ఆ బిడ్డను విడువడు. తలిదండ్రులును, సంఘమును విడువకూడదు.

1. తీయని లెక్క

తెలుగువారి యిండ్లలో పసిబిడ్డ యెదుగుదలకు ఒక తీయని లెక్క కలదు. నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, ప్రాకిన పాకుండలు, అడుగు వేసిన అరిసెలు, పలికిన పంచదార చిలుకలు. ఏ యూరిలో ఏ పిండివంట యనునది మారవచ్చును గాని భావ మొక్కటియే. బిడ్డ చేసిన చిన్న పనిని ఇల్లంతయు చూచినది, ఇరుగుపొరుగువారు విని నోరు తీపి చేసికొనిరి అని దాని తాత్పర్యము. చదువు రాని అవ్వలు సహితము ఈ లెక్కతోనే బిడ్డల యెదుగుదలను జ్ఞాపక ముంచుకొనిరి.

లేఖనములలోను ఇట్టి లెక్క కనబడుచున్నది. ఇస్సాకు పాలు మానిన నాడు అబ్రాహాము తన యింట విందు జరిపెను (ఆది. 21:8). మోషే తల్లి తన బిడ్డను మూడు నెలలు దాచెను, అటుపిమ్మట దాచుట ఆమెకు సాధ్యము కాలేదు (నిర్గమ. 2:2, 3). మూడు నెలలు నిండిన శిశువు కంఠము ఎంత గట్టిదగునో తల్లులందరికిని తెలియును. మన ప్రభువు కూడ ఒక్కసారిగా పెద్దవాడై దిగి రాలేదు. ఆయన జ్ఞానమందును వయస్సునందును ఎదిగెనని లూకా సాక్ష్యమిచ్చుచున్నాడు (లూకా 2:52). సృష్టికి ముందున్న వాక్యము మరియ ఒడిలో మాటలు నేర్చుకొనెను. నక్షత్రములను నిలిపినవాడు నజరేతులో గోడ పట్టుకొని నిలువబడుట నేర్చుకొనెను. కాబట్టి పసిబిడ్డ తొలి యేడు ఆడువారి ముచ్చట మాత్రమే యని తలంచువాడు తన రక్షకుని తొలి యేటిని మరచినవాడగును.

2. తాపీ తీరమున ఒక యిల్లు

ఈ తీయని లెక్క తెలుగుదేశము దాటి చాల దూరము పోయినది. గుజరాతు రాష్ట్రమున తాపీ నది యొడ్డున సూరత్ పట్టణ మున్నది. చీరల బట్టకును వజ్రములను సానపట్టు పనికిని అది పేరు పొందినది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల చేతిమగ్గములు కూడు పెట్టలేని దినములలో వేలాది నేత కుటుంబములు భివండికి, షోలాపూరునకు, సూరతునకు తరలిపోయెను. లింబాయత్, ఉధనా ప్రాంతములలో నేడును తెలుగు మాట వినబడును. ఆ పట్టణపు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను సహితము నడుపుచున్నది.

అట్టి గృహములలో ఒకదానిని మన కన్నుల యెదుట నుంచుకొందము. పేరులతో మనకు పని లేదు. ఇట్టి గృహము లనేకములు. తండ్రి మరమగ్గముల శాలలో దినమునకు 12 గంటలు పనిచేయును. ఒక వారము పగటి పాళీ, ఒక వారము రాత్రి పాళీ. తల్లి యింటిలోనే యుండి చీరల అంచులకు లేసు కుట్టును. వారికి తొలిచూలు మగబిడ్డ. తల్లి పుట్టింట పురుడు పోసికొని, మూడవ నెలలో బిడ్డ నెత్తుకొని రైలులో సూరతునకు వచ్చినది. బిడ్డ నవ్విన దినమును, బోర్లపడిన దినమును ఆమె గోడమీది తెలుగు క్యాలెండరులో చిన్న అక్షరములతో వ్రాసి పెట్టుచుండెను.

తండ్రి ఇంటికి వచ్చునప్పటికి బిడ్డ నిద్రించుచుండును. బిడ్డ లేచునప్పటికి తండ్రి నిద్రించుచుండును. అయిదవ నెలలో బిడ్డ బోర్లపడెను; తండ్రి చూడలేదు. ఎనిమిదవ నెలలో ఆధారము లేకుండ కూర్చుండెను, తండ్రి చూడలేదు. ఊరిలో నున్న నాయనమ్మకు ఫోనులో చెప్పగా ఆమె అక్కడ కుడుములు చేసి వాడకట్టులో పంచిపెట్టెను. కన్నతండ్రి మాత్రము క్యాలెండరు చూచి తెలిసికొనెను. ఒక రాత్రి ఆ క్యాలెండరు ముందర నిలిచి అతడు భార్యతో, “వీడు నా యింటిలోనే పెరుగుచున్నాడు గాని నా కన్నుల యెదుట పెరుగుట లేదు” అనెను.

ఆ మాటలో ఎందరు తండ్రుల దుఃఖ మున్నది! దుబాయి ఎడారిలో పనిచేయు తండ్రి, సైన్యమందున్న తండ్రి, రాత్రింబగళ్లు లారీ నడుపు తండ్రి, అందరును ఆ మాటనే పలుకుదురు.

3. హన్నా కొలత

షిలోహు మందిరములో సమూయేలు పెరుగుచుండగా అతని తల్లి హన్నా రామాలో నుండెను. ఆమె ఏటికొకసారి మాత్రమే బిడ్డను చూడగలిగెను. అట్లు పోవునప్పుడెల్ల ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను (1 సమూ. 2:19). నేత పని, కుట్టు పని తెలిసినవారు ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. ఏడాది క్రితము చూచిన బిడ్డకు ఇప్పుడు సరిపోవు అంగీని ఎట్లు కుట్టవలెను? భుజము ఎంత పెరిగెను? చేయి ఎంత సాగెను? కొలుచుటకు బిడ్డ యెదుట లేడు. ఆమె ప్రార్థనలో బిడ్డను దినదినము తలంచి యుండెను గనుక ఆ తలంపే ఆమెకు కొలబద్ద యాయెను.

బిడ్డ వేయు ప్రతి మెట్టును కంటితో చూచు భాగ్యము అందరికిని కలుగదు. కూలి లేనిచో కూడు లేదు. అయితే చూడలేకపోవుట వేరు, పట్టించుకొనకపోవుట వేరు. దూరముననున్న తండ్రి దినమున కొకసారి, “నేడు బిడ్డ ఏమి చేసెను?” అని అడిగి, విన్నదానిని దేవుని యెదుట పెట్టినయెడల, అతడును హన్నా వలె ఒక అంగీ కుట్టుచున్నాడు. ఆ ప్రశ్న అడుగకుండ కేవలము డబ్బు పంపు తండ్రి కొలత లేని బట్టను పంపుచున్నాడు.

4. పందెము కాదు

ప్రక్కయింటిలో ఒడిశానుండి వచ్చిన కుటుంబ ముండెను. వారి బిడ్డయు ఈ బిడ్డయు ఇంచుమించు ఒకే వయస్సువారు. ఆ బిడ్డ ఏడవ నెలలో కూర్చుండెను, తొమ్మిదవ నెలలో ప్రాకెను. ఈ తల్లి మనస్సున కలత పుట్టెను. తల్లుల హృదయములలో సైతాను విత్తు తొలి కలుపు మొక్క ఈ పోలికయే.

ఈ విషయమున వైద్యశాస్త్రము మనకు ధైర్యము చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశముతో కలిపి అయిదు దేశములలో ఆరోగ్యవంతులైన 816 మంది శిశువులను పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించెను. ఆధారము లేకుండ కూర్చుండుట కొందరికి నాలుగవ నెల సమీపముననే వచ్చెను, కొందరికి తొమ్మిది నెలలు నిండెను. చేతులు మోకాళ్లపై ప్రాకుట 5 నెలలు మొదలుకొని 13 నెలల వరకు ఎప్పుడైనను కలిగెను; నూటికి నలుగురు బిడ్డలు అట్లు ప్రాకకయే నడక నేర్చిరి. ఒంటరిగా నడచుట 8 నెలలు మొదలుకొని 17 నెలలు దాటువరకు ఎప్పుడైనను కలిగెను. వీరందరును ఆరోగ్యవంతులే. దేవుడు వేసిన ద్వారము వెడల్పైనది. మనుష్యులే దానిని ఇరుకు చేసికొని, ముందు దాటినవాడు గొప్పవాడని తలంచుచున్నారు.

అయితే ద్వారము వెడల్పైనను దానికిని రెండు నిలువుకమ్ము లున్నవి. ఏదియు పందెము కాదన్న మాట నిజమే. ఏ ఆలస్యమునకును అర్థము లేదన్న మాట మాత్రము నిజము కాదు. మూడు నెలలు దాటినను తల్లి ముఖము చూచి నవ్వకుండుట, అయిదు నెలలకును మెడ నిలుపలేకుండుట, తొమ్మిది నెలలు నిండినను కూర్చుండలేకుండుట, పిలిచిన తిరిగి చూడకుండుట, వచ్చిన శబ్దములు ఆగిపోవుట, ఇవి వైద్యునికి చూపవలసిన గురుతులు. చూపుట అవిశ్వాసము కాదు. కావలివాడు గోడమీద నిలుచుట పట్టణముపై ప్రేమ చేతనే గదా.

5. తిరిగి చూడని బిడ్డ

ఆ యింటి గోడకు ఆవల మగ్గముల శాల యుండెను. పగలును రాత్రియు దాని చప్పుడు ఆగదు. అంత చప్పుడులోను ఆ బిడ్డ సుఖముగా నిద్రించుచుండెను. తలుపు ధడాలున పడినను ఉలికిపడడు. పండుగ నాటి టపాకాయలకు వీధిలోని బిడ్డలందరు ఏడ్చిన రాత్రి కూడ వీడు ఏడువలేదు. “ఎంత మంచి బిడ్డ! తల్లికి పని పెట్టడు” అని అందరును మెచ్చుకొనిరి. తల్లియు సంతోషించెను. మూడవ నెలలో బిడ్డ “ఊ, ఊ” అని పలికియుండెను గనుక ఎవరికిని అనుమానము కలుగలేదు.

పుట్టు చెవుడు గల బిడ్డలు సహితము తొలి నెలలలో ఇట్టి శబ్దములు చేయుదురు. పిమ్మట ఇతర బిడ్డలు ఆరు, తొమ్మిది నెలల నడుమ “బాబాబా, తాతాతా” అని అక్షరములను కూర్చుకొనుచు పోవుదురు. వినబడని బిడ్డ నోరు మెల్లగా మౌనమగును. తలిదండ్రులు మోసపోవునది ఇచ్చటనే.

తొమ్మిదవ నెల నిండిన యొక ఆదివారమున ఆ తండ్రి యింటనుండెను. బిడ్డ అతనికి వీపు త్రిప్పి కూర్చుండి దారపు కండెతో ఆడుకొనుచుండెను. తండ్రి ముద్దుగా పిలిచెను, బిడ్డ తిరుగలేదు. గట్టిగా పిలిచెను, తిరుగలేదు. స్టీలు పళ్లెమును గరిటెతో మ్రోగించెను, తిరుగలేదు. అప్పుడు తండ్రి నేలమీద బిడ్డ ప్రక్కగా చేయి చాపగా, ఆ నీడను చూచి బిడ్డ తిరిగి చక్కగా నవ్వెను. ఆ నవ్వును చూచిన తండ్రికి చేతులలో బలము పోయెను.

తల్లి వంటింటినుండి వచ్చి, “ఏమండీ, నేను చాల దినములనుండి చూచుచున్నాను. మీకు చెప్పుటకు భయపడితిని” అనెను. ఆ రాత్రి వారు నాయనమ్మకు ఫోను చేసిరి. ఆమె, “తొందరపడకు, కొడుకా. నీవు సైతము రెండేండ్లు నిండిన తరువాతనే మాటలాడితివి. వీడును అట్లే మాటలాడును” అనెను. ఆ మాట ప్రేమతో పలికినదే. అయినను ఆ మాటను నమ్మి ఒక సంవత్సరము ఊరకుండినయెడల ఆ బిడ్డ ఎంత పోగొట్టుకొనునో ఆమెకు తెలియదు.

6. ఎవరి పాపము?

ఆ రాత్రి ఆ యింటిలో ఒక పాత ప్రశ్న లేచెను. ఇది ఎవరి పాపము? తాను గర్భవతిగా నున్నప్పుడు ఏదో తినినందువలన కలిగెనని తల్లి తలంచెను. తాను మ్రొక్కుకొనిన కృతజ్ఞతార్పణ చెల్లింపనందున కలిగెనని తండ్రి తలంచెను. ఇరువురును ఒకరితో నొకరు ఆ మాట చెప్పలేదు. ఒకే గదిలో ఇద్దరు నేరస్థుల వలె పండుకొనిరి.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును ఇట్టి ప్రశ్ననే అడిగిరి. వాని పాపమా, కన్నవారి పాపమా యని వారు రెండు త్రోవలు చూపగా, ప్రభువు ఆ రెంటిని మూసివేసి మూడవ త్రోవ తెరచెను: అతనియందు దేవుని క్రియలు కనబడవలసి యున్నవి (యోహాను 9:1-3). ప్రభువు నేరస్థుని వెదకక, చేయవలసిన పనిని చూపెను. వెంటనే నేలకు వంగి బురద చేసి పని మొదలుపెట్టెను. క్రైస్తవ తలిదండ్రులు ఇచ్చట రెండు సంగతులు నేర్చుకొనవలెను. నిందను మోయుటకు దేవుడు వారిని పిలువలేదు; పనిచేయుటకు పిలిచెను.

వేయిమంది నవజాత శిశువులలో ఒకరిద్దరైనను వినికిడి లోపముతో పుట్టుదురని వైద్యులు చెప్పుదురు. కారణము లనేకములు. కొన్ని వంశమునుండి వచ్చును. కొన్ని గర్భకాలమందలి జబ్బుల వలన, నెలలు నిండకముందు పుట్టుట వలన, పుట్టిన వెంటనే ముదిరిన కామెర్ల వలన కలుగును. అనేకుల విషయములో కారణము తెలియనే తెలియదు. బిడ్డ పుట్టిన మొదటి నెలలో చెవి పరీక్ష, మూడవ నెలలోపల నిర్ధారణ, ఆరవ నెలలోపల చికిత్స జరుగుట మేలని వైద్యుల నియమము. తొలి యేండ్లలోనే మెదడు భాషకు దారి వేసికొనును గనుక ఈ తొందర. మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 సంవత్సరముల వరకు బిడ్డలకు ఇట్టి లోపముల పరీక్షలు ఉచితముగా జరుగవలసి యున్నవి. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ప్రభుత్వ ఆసుపత్రిని గాని అడిగినయెడల త్రోవ తెలియును.

7. గుంపునుండి ఏకాంతమునకు

ఆ తండ్రి ఒక దినపు కూలి వదలుకొనెను. మరల రెండవ దినపు కూలిని వదలుకొనెను. పరీక్షా గదిలో బిడ్డను నిద్రపుచ్చి తలకు తీగెలు అంటించి, చెవిలో శబ్దము వేసి, మెదడు దానిని అందుకొనుచున్నదో లేదో చూచిరి. బిడ్డకు రెండు చెవులలోను వినికిడి చాల తక్కువగా నున్నదనియు, బొత్తిగా లేకపోలేదనియు తేలినది. వైద్యుడు తండ్రితో మాటలాడుచు, తండ్రియే ప్రతి మాటను రెండు మారులు అడుగుట గమనించి అతని చెవులను కూడ పరీక్షించెను. దినమునకు 8 గంటలు పనిచేయువాని చెవికి 85 డెసిబెల్స్ మించిన శబ్దము హానికరము. మరమగ్గముల శాలలో శబ్దము సాధారణముగా దానిని మించిపోవును. పనియో 12 గంటలు. తన వినికిడి సగము మగ్గమునకు అప్పగించితినని ఆ తండ్రికి ఆ దినమున తెలిసినది. బిడ్డ చెవుడునకు మగ్గము కారణము కాకపోవచ్చును. కాని బిడ్డకు వినబడుట లేదన్న సంగతిని ఇన్ని నెలలు కప్పిపుచ్చినది ఆ చప్పుడే.

మార్కు సువార్త 7వ అధ్యాయములో చెవుడును నత్తియు గల యొక మనుష్యుని కొందరు ప్రభువు నొద్దకు తెచ్చిరి. ప్రభువు చేసిన మొదటి పని యేది? ఆయన అతనిని జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయెను. పిమ్మట అతని చెవులను ముట్టెను, నాలుకను ముట్టెను, ఆకాశమువైపు చూచి నిట్టూర్చెను. వినలేని వానితో ఆయన చేతులతోను కన్నులతోను మాటలాడెను. అతనికి అర్థమగు భాషలో ప్రేమను తెలిపిన తరువాతనే చెవులు తెరువబడుమని ఆజ్ఞాపించెను. ఆ నిట్టూర్పును గమనింపుడి. దేవుని కుమారుడు చెవిటివాని దుఃఖమును తన శ్వాసతో మోసెను. ఆ తలిదండ్రుల నిట్టూర్పులును ఆయనకు క్రొత్తవి కావు.

మనలో ఎందరి బిడ్డలకు చెవులు బాగుగనే యున్నవి, అయినను ఇంటి చప్పుడులో తలిదండ్రుల స్వరము వారికి చేరుట లేదు! రేడియో చప్పుడు, టెలివిజను చప్పుడు, నేడు ఫోనుల చప్పుడు. దినమున కొక అరగంటయైనను ప్రతి తండ్రియు తన బిడ్డను గుంపునుండి ప్రక్కకు తీసికొని, ముఖాముఖిగా మాటలాడవలెను.

8. నడక నేర్పిన దేవుడు

హోషేయ 11వ అధ్యాయములో దేవుడు తన్నుతాను బిడ్డకు నడక నేర్పు తండ్రిగా చూపుకొనుచున్నాడు. ఎఫ్రాయిము తప్పటడుగులు వేయుచుండగా చంకలు పట్టుకొని నడిపించినవాడు ఆయనయే. పడినప్పుడు బాగుచేసినవాడును ఆయనయే. కాని ఆ సంగతిని వారు గ్రహింపలేదు. పిమ్మట ప్రేమ బంధములను గూర్చి, త్రాళ్లను గూర్చి ప్రవక్త చెప్పుచున్నాడు. నేతగానికి ఈ మాట సులభముగా తెలియును. ఒక దారపు పోగు తెగును. పడుగు పేకలుగా కలిసిన పోగులు బరువు మోయును. కీర్తన 139:15లో, గర్భమందలి శిశువు రూపొందుటను గూర్చి వ్రాసినప్పుడు, హెబ్రీ మూలమున వాడబడిన మాట బుటాపనికి సంబంధించినది. ప్రత్యక్షగుడారపు తెరను రంగు దారములతో అలంకరించినవాని పనికిని అదే మాట వాడబడినది. తెరను కుట్టినవాడు దారమును తప్పుగా వేయలేదు. వినికిడి తక్కువైన చెవిగల బిడ్డయు ఆ చేతి పనియే.

నడక నేర్చిన బిడ్డ తండ్రి వ్రేలిని మరచును. అది సహజమే, బిడ్డకు జ్ఞాపకము లేదు. కాని ఎదిగిన విశ్వాసి మరచుట సహజము కాదు. తాను బోర్లపడిన దినము, లేచిన దినము, తొలి ప్రార్థన పలికిన దినము దేవుని పుస్తకములో నున్నవని అతడు ఎరుగును. పాలు త్రాగవలసిన వయస్సులో పాలను ఆశించుట మంచిది (1 పేతురు 2:2). గట్టి ఆహారము తినవలసిన వయస్సులో ఇంకను పాలే కావలెననుట వ్యాధి (హెబ్రీ. 5:12-14). పది సంవత్సరములు సంఘములో కూర్చుండియు ప్రభువు పిలుపునకు తిరిగి చూడని వానికి ఏ పరీక్ష చేయవలెను? వాని చెవులకు అడ్డుగా నున్న చప్పుడు ఏది?

9. సంఘము చేయవలసినది

సూరత్ పట్టణమునకు వాక్యము చెవిని పడిన చరిత్ర కూడ చిన్నది కాదు. లండన్ మిషనరీ సంఘము 1805లో విశాఖపట్టణమున తెలుగువారి నడుమ పని నారంభించి, మన భాషలో సువార్తలను అనువదింప మొదలుపెట్టెను. అదే సంఘము 1815లో సూరతున పని నారంభించెను. అచ్చటి స్కిన్నర్, ఫైవీ దొరల పరిశ్రమ చేత 1820వ దశకములో గుజరాతీ భాషలో బైబిలు ముద్రణ పొందెను. ప్రతివాడును తన మాతృభాషలో వినవలెనని ఆ సేవకులు తలంచిరి. ఆ తలంపే నేడు చిన్న చెవికి వినికిడి యంత్రము పెట్టుటలోను, చెవిటి బిడ్డతో సంజ్ఞలతో మాటలాడుటలోను నెరవేరుచున్నది. వినుటకు ఒకే త్రోవ లేదు. యంత్రము సహాయపడని బిడ్డకు శస్త్రచికిత్స యుండవచ్చును. అదియు కుదరని బిడ్డకు సంజ్ఞాభాష యున్నది. ప్రేమ ఏ త్రోవనైనను నేర్చుకొనును.

సంఘము చేయగల పనులు చిన్నవే. బిడ్డను ప్రతిష్ఠించు దినమున తలిదండ్రులను, “చెవి పరీక్ష జరిగినదా? టీకాలు వేయించితిరా?” అని కాపరి అడుగవచ్చును. ఆసుపత్రికి పోవు దినమున కూలి పోగొట్టుకొనిన తండ్రికి ఆ దినపు కూలిని విశ్వాసులు పంచుకొని యియ్యవచ్చును. ఇరువదిమంది బిడ్డలను పెంచిన పెద్దమ్మ యొకతె భయపడుచున్న కోడలి ప్రక్కను కూర్చుండవచ్చును. “వీడు ఇంకను నడుచుట లేదా?” అను ప్రశ్నను అందరి యెదుట అడుగకుండుటయు సేవయే.

10. మూడవ పిలుపు

పదకొండవ నెలలో ఆ బిడ్డకు వినికిడి యంత్రములు అమర్చబడెను. మొదటి దినమున ఏ అద్భుతమును జరుగలేదు. బిడ్డ ఏడ్చెను; వాటిని పీకి పారవేసెను. తల్లి మరల పెట్టెను. బిడ్డ మరల పీకెను. ఇట్లు మూడు వారములు గడచెను. తొలి పుట్టినరోజు వచ్చెను. బిడ్డ ఇంకను ఒంటరిగా నడువలేదు. గోడ పట్టుకొని నిలిచెను. ఒక్క మాటయు పలుకలేదు. ఊరినుండి వచ్చిన నాయనమ్మ సంచిలో అరిసెలు తెచ్చెను. “అడుగు వేయలేదు గదా, అత్తమ్మా, అరిసెలు ఎందుకు?” అని కోడలు అడుగగా, ఆమె, “వేయునని తెచ్చితిని, బిడ్డా” అనెను. అది విశ్వాసపు మాట.

ఆ సాయంకాలము ప్రార్థన ముగిసినది. బిడ్డ గోడవైపు ముఖము పెట్టి నిలిచియుండెను. తండ్రి వెనుకనుండి పిలిచెను, బిడ్డ కదలలేదు. రెండవ మారు పిలిచెను. ఆడుచున్న చేయి ఆగెను. మూడవ మారు పిలువగా బిడ్డ గోడను పట్టుకొనియే మెల్లగా తల త్రిప్పి, ఆ స్వరము ఎచ్చటనుండి వచ్చినదో వెదకుచు, తండ్రి ముఖమును కనుగొనెను. ఆ మెట్టును తండ్రి చూచెను. తల్లి క్యాలెండరు నొద్దకు పోయి తేదీ ప్రక్కన ఒక్క మాట వ్రాసెను: “విన్నాడు.”

షిలోహులో దేవుడు సమూయేలును ఒక్కమారు పిలిచి ఊరకుండలేదు. బాలుడు ఆ స్వరమును ఇంకను గుర్తించలేదని ఆయన ఎరుగును. అందుచేత మరల పిలిచెను, మరల పిలిచెను, చివరకు వచ్చి నిలిచి పిలిచెను (1 సమూ. 3:4-10). చదువరీ, నీ బిడ్డ మెట్టు తడసినదని కలతపడుచున్నావా? పిలుచుట మానకుము. నీవే తిరిగి చూడని బిడ్డవై యున్నావా? నిన్ను పిలుచువాడును మానలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారము మీ యింటి బిడ్డ క్రొత్తగా నేర్చిన దేమి? దానిని ఎవరు చూచిరి? దానికై దేవుని స్తుతించితిరా?

2. మీ బిడ్డను ఇతరుల బిడ్డతో పోల్చుట వలన మీ యింటిలో కలిగిన బాధ యేది? దానిని ఎట్లు మానగలరు?

3. భయము చేతనో, నింద చేతనో వైద్యునికి చూపక దాచిన లోపమేదైనను మీ యెరుకలో నున్నదా? ఆ కుటుంబమునకు మీరు ఏ సహాయము చేయగలరు?

4. దేవుని స్వరము మీకు వినబడకుండ అడ్డుపడుచున్న చప్పుడు ఏది?

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, మేము బోర్లపడినప్పుడు చూచితివి, తప్పటడుగులు వేసినప్పుడు చేయి పట్టితివి. మా పసివారి ప్రతి మెట్టు నీ యెదుట లెక్కింపబడియున్నదని నమ్ముచున్నాము. కూలికై దూరమందున్న తండ్రులకు హన్నా హృదయము దయచేయుము. కలతచెందిన తల్లులకు ధైర్యమును, వైద్యులకు జ్ఞానమును, మా సంఘములకు సహాయము చేయు చేతులను ఇమ్ము. వినలేని బిడ్డలకు నీ ప్రేమను వారెరిగిన భాషలో తెలుపుము. నీవు పిలిచినప్పుడు మేము తిరిగి నీ ముఖమును చూచునట్లు మా చెవులను తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.